కాటుక డబ్బా మీద నాలుగు వేళ్ళు

ఉంజింటో,
1 మార్చి 1999

మా ఇంట్లో చేపల పులుసు రెండుసార్లు వడ్డించుకున్న రాఘవ్‌కి, ఆ పులుసు కాచిన కెస్సీ అవ్వ దీవెనలు.

ఫోను చేసేదాన్నే. కోడలు డాలీ పక్కనే నిలబడి వింటుంది. తెలుగు అక్షరాలు దానికి రావు, అందుకని ఉత్తరం.

డర్బన్‌లో మెరిసే పొడి మీద పని చేస్తున్నానన్నావు కదా. నాకు నీతో పని పడింది. తొంభై నాలుగులో, నా అరవై ఆరో ఏట, మొదటిసారి తెల్లవాళ్ళతో పాటు మమ్మల్నీ ఓటు వెయ్యమన్నారు. కొత్త చీర కట్టుకుని నాలుగు గంటలు వరుసలో నిలబడ్డాను. లోపల ఊదారంగు లైటు కింద చెయ్యి పెట్టమన్నారు. ఓటేసినవాళ్ళ చేతికి కంటికి కనబడని సిరా పూస్తారట, ఆ లైటు పడితే మెరుస్తుందట. నేనింకా వెయ్యనే లేదు, నా కుడిచెయ్యి మెరిసింది! మణికట్టు చుట్టూ ఎవరో పట్టుకున్నట్టు వేళ్ళ అచ్చు. నాలుగే వేళ్ళు. ఉంగరపు వేలి చోటు ఖాళీ.

"గ్రానీ, యూ ఆల్రెడీ వోటెడ్" అని ఇంటికి పంపేశారు.

మా ఆయన అంతకు రెండు నెలల ముందే పోయాడు. పేరు రాయకూడదు గానీ రాయకపోతే నీకెలా తెలుస్తుంది, నరసింహ. ఆయన ఉంగరపు వేలు చక్కెర మిల్లులో పోయింది. ఓటు వెయ్యాలని జీవితమంతా కలవరించి, వెయ్యకుండానే వెళ్ళిపోయాడు. మా వీధిలో అందరిదీ ఒకటే మాట, "కెస్సీ చేతిలో మొగుడుండాడు" అని.

మనవరాలు శాంటెల్ ఆ ఓట్ల నెలలోనే పుట్టింది. ఐదేళ్ళొస్తున్నాయి. ఆ రోజు నుంచి దాన్ని కుడిచేత్తో ముట్టుకోలేదు. జూన్‌లో మళ్ళీ ఓట్లు. ఈలోగా ఆయన్ని నా చేతిలోంచి దింపగలవా?

కుడిచెయ్యి కొంగులో దాచుకున్న
కెస్సీ

తా.క.: దింపేటప్పుడు మెల్లగా. ఆయనకు మోకాళ్ళ నొప్పి ఉండేది.

* * *

డర్బన్,
9 మార్చి

కెస్సీ అవ్వకు, ఆ పులుసు ఇంకా మరిచిపోని రాఘవ్ నమస్కారాలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి లైటు వేసుకుని.

దయ్యాలు నా చదువులో లేవు. నా పనల్లా కంటికి ఆనని నలుసులతో. వాటిని కాన్సర్ కణాలకు అంటిస్తే, ఊదా లైటు కింద జబ్బున్న చోటు మెరుస్తుంది, డాక్టరుకు దారి తెలుస్తుంది. నీళ్ళలో సీసం కలిస్తే వెలుగు ఆరిపోయే రకం కూడా చేయాలని చూస్తున్నాం. అన్నీ ఇంకా గాజుపళ్ళెం దాటలేదు. ఆవేళ మీ చేతికీ మెరిసేదేదో అంటుకుని ఉంటుంది. పొద్దున ఏం ముట్టుకున్నారో గుర్తు తెచ్చుకుని, మిగిలుంటే కాస్త పంపండి.

మీ
రాఘవ్

తా.క.: ఆ నాలుగు వేళ్ళ సంగతి కూడా ఆలోచిస్తున్నాను. పగటిపూట.

* * *

ఉంజింటో,
18 మార్చి

చావు కబురు చల్లగా చెప్పిన రాఘవ్‌కి, అర్థం చేసుకున్న అవ్వ ఆశీస్సులు.

జబ్బున్న చోటు మెరుస్తుందన్నావు. అయితే నాకు కాన్సర్. ఐదేళ్ళ నుంచీ! నువ్వు మంచివాడివి గనక మెల్లగా చెప్పావు.

ఒక పూట ఏడ్చాను. తరవాత పంచడం మొదలుపెట్టాను. ఇత్తడి బిందె డాలీకి, కుట్టుమిషను పక్కింటి కోగీకి. నా రాతిరోలు నీకు, మా ఊరి డెస్మండ్ నడిపే బస్సులో వేయించాను. శాంటెల్‌కి ఏమివ్వాలో తోచలేదు. మొన్న మధ్యాహ్నం అది నిద్రపోతుంటే కుడిచెయ్యి దాని తలదాకా తీసుకెళ్ళి, జబ్బు అంటుకుంటుందేమోనని వెనక్కి తీసుకున్నాను.

ఆవేళ పొద్దున నేను ముట్టుకున్నది కాటుక. శాంటెల్‌కి దిష్టిచుక్క పెట్టాను. మా ఇంట్లో కాటుక పట్టడం ఆయన పని. నిమ్మరసంలో తడిపి ఆరబెట్టిన గుడ్డవత్తి, ఆముదం దీపం, పైన ఇత్తడి పళ్ళెం. పుట్టబోయే పిల్లకని పోయే ముందు ఆఖరిసారి పట్టాడు. అడుగున మిగిలిందంతా డబ్బాతో సహా పంపుతున్నాను. ఇక మా ఇంట్లో కాటుక లేదు.

నీ కొద్దిరోజుల
కెస్సీ అవ్వ

తా.క.: డాలీ బిందె తీసుకుని "వెన్, మా?" అని అడిగింది. బాధ కొద్దీ అడిగిందో, ఏర్పాట్ల కోసమో తెలియలేదు.

* * *

డర్బన్,
12 ఏప్రిల్

నూరేళ్ళు బతకబోయే కెస్సీ అవ్వకు,

మీకు కాన్సర్ లేదు. ముందు ఆ బిందె వెనక్కి తీసుకోండి.

మెరిసింది నలుసు, జబ్బు కాదు. ల్యాబులో లైట్లు ఆర్పి డబ్బా తెరిచాను. నల్లటి కాటుక ఊదా లైటు కింద నీలంగా వెలిగింది. ఎవరో కళ్ళు తెరిచి చూసినట్టు ఉలిక్కిపడ్డాను. మసిలో అతి సన్నని బొగ్గు నలుసులు ఉంటాయి. నిమ్మరసమో ఆముదమో వాటినేదో చేసింది. ఇలాంటిది నేనెక్కడా చదవలేదు. ఏడాదిగా నాకు చేతకానిది తాత దీపం మీద చేసేశారు!

మీ చేతిలో తాత లేరు. ఆవేళ అంటుకుంది ఆయన పట్టిన కాటుక, అంతే. డబ్బా పంపేటప్పుడు మళ్ళీ అంటినా, సబ్బుతో కడిగితే పోతుంది. దుకాణాల్లో దొంగనోట్లు పట్టే చిన్న ఊదా లైటు ఒకటి పంపుతున్నాను. కడుక్కుని చూసుకోండి. ఏమీ మెరవకపోతే శాంటెల్‌ని ఎత్తుకోండి. మీ డబ్బా నా బీరువాలో తాళం వేసి ఉంది.

మీ
రాఘవ్

తా.క.: డబ్బా మూత మీద నాలుగు వేళ్ళ అచ్చు వెలిగింది. తాత పట్టుకున్న డబ్బాయే కదా, వింతేం లేదు. అయినా ఆ రోజు పెందలాడే ఇంటికొచ్చేశాను.

మళ్ళీ తా.క.: రోలు చేరింది. మాది నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు.

* * *

ఉంజింటో,
3 జూన్ 1999

రోలు మోసిన రాఘవ్‌కి, ఓటేసిన కెస్సీ అవ్వ దీవెనలు.

మూడుసార్లు సబ్బు పెట్టి కడిగాను. లైటు పెడితే చెయ్యి చీకటిగానే ఉంది. శాంటెల్ తల మీద చెయ్యి వేశాను. "అవ్వా, యువర్ హ్యాండ్ ఈజ్ కోల్డ్" అంది గానీ, తల తియ్యలేదు. ఐదేళ్ళ ఏడుపు ఆ పూటే ఏడ్చేశాను.

నిన్న బయలుదేరే ముందు కూడా చూసుకున్నాను. చీకటే. అక్కడ ఈసారి లైటు లేదు, బొటనవేలికి సిరా గీత పెట్టారు, అంతే. లోపలికెళ్ళి పెన్సిలు పట్టుకుంటే చెయ్యి వణికింది. కాసేపటికి ఆగింది, ఎవరో మణికట్టు పట్టుకుని ఆపినట్టు.

ఇంటికొచ్చి, అలవాటు కొద్దీ లైటు పెట్టి చూశాను. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, చిటికెనవేలు. నీలంగా, మణికట్టు చుట్టూ. కాటుక నీ బీరువాలో ఉంది కదా నాయనా.

భయం వెయ్యలేదు. తొంభై నాలుగులో పడింది ఆయన ఓటు. నిన్నటిది నాది. నన్ను వెయ్యనిచ్చి, పక్కన నిలబడ్డాడు. ఇక సబ్బు వద్దు. పొద్దున ఆ చేత్తోనే శాంటెల్‌కి జడ వేశాను.

రెండు చేతులూ ఉన్న
కెస్సీ

తా.క.: ఆయన ఎవరికి వేశాడో మాత్రం తెలియదు. నలభై ఆరేళ్ళ కాపురంలో ఏ సంగతి చెప్పాడు గనక!

మళ్ళీ తా.క.: నీ బీరువా ఓసారి తెరిచి చూడు, డబ్బా ఉందో లేదో. పగటిపూట.