గాలికి తగ్గ డీజిల్

నాయినా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మౌలాలిలో మన షెడ్డు నడుస్తూనే ఉంది. నీతో పనిచేసిన యాదగిరి కాక ఇంజన్లు విప్పుతున్నాడు. రోజూ కాలేజీ అయ్యాక నేనూ షెడ్డుకు పోతున్నా.

మొన్న ఒక లారీ ఓనర్ తన బండి ఇంజన్‌కు పెద్ద డీజిల్ పంపు వేయించుకున్నాడు. "హార్స్‌పవర్ ఎంతొస్తది బిడ్డా?" అన్నాడు. పంపు పోసే డీజిల్ ఒక్కటే లెక్కగట్టి, రెండు వందల పది అని చెప్పేశా. తీరా చూస్తే లారీ గుట్ట రోడ్డు ఎక్కలేక, కాలని డీజిల్‌నంతా నల్లటి పొగగా కక్కింది.

"ఇంజనీరమ్మా, పొగ సుత కలిపి చెప్పినవా?" అని కాక నవ్వాడు. ఓనర్ నవ్వలేదు. బండి వేరే షెడ్డుకు తీసుకపోతా అన్నాడు.

ఒక్కరోజు ఆగమని బతిమాలా. ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బో ఎంత గాలి ఇస్తుందో కొలిచి, ఆ గాలికి ఎంత డీజిల్ కాలుతుందో చూసి మళ్లీ లెక్కగట్టా. నూట అరవై ఐదు వచ్చింది. పంపు పోసే డీజిల్ అంతకే తగ్గించి పెట్టాం. ఇవాళ పరీక్ష యంత్రం మీద నూట అరవై రెండు చూపింది. నువ్వు చేసినట్టే సైలెన్సర్ మూతికి తెల్లగుడ్డ పట్టి చూశా. పెద్దగా నల్లబడలేదు.

సాయంత్రం ఇంకో లారీ వచ్చింది. కాక పానా పట్టుకుని, విప్పకుండా నా దిక్కు చూశాడు.

"ముందు లెక్క చెప్పు బిడ్డా, తర్వాతనే చెయ్యి పెడత."

నీ బిడ్డ,
సుజాత