సబ్బుతోనే కడుక్కో

అమ్మలూ,

నేను ఆసుపత్రికి వెళ్తున్నాను. పెద్దమ్మకి విరేచనాలు ఇంకా తగ్గలేదు. ఆ క్రిమి అక్కడే అంటుకుందట. సాయంత్రం నువ్వొచ్చినప్పుడు గది బయటే గౌను, గ్లవ్స్ వేసుకో. మంచం మీద కూర్చోకు. ఆ గదిలో బాత్‌రూమ్ వాడకు. బయటికి వచ్చేటప్పుడు అవన్నీ విప్పేసి, సబ్బు పెట్టి, కుళాయి కింద చేతులు బాగా రుద్ది కడుక్కో. గుమ్మం దగ్గర సీసాలో ఉండే జెల్‌కి ఈ క్రిమి చావదు.

నిన్న గుమ్మంలో ఆపిందని నువ్వు కసురుకున్నావే, ఆ నర్సమ్మ మీద కోపం పెట్టుకోకు. నన్ను కుళాయి దాకా తీసుకెళ్లి, "బాబాయ్‌గారూ, అత్తరు పూసుకున్నట్టు పూసుకుంటే చాలదండీ, రుద్దాలి" అని దగ్గరుండి కడిగించింది. కిందటేడు ఆ మాట నాకెవరూ చెప్పలేదు.

అప్పుడు ఆసుపత్రిలో మీ అమ్మ పక్క మంచం ముసలావిడకి విరేచనాలు. తోడెవరూ లేరని నేనే ఆవిడని లేపి కూర్చోబెట్టేవాణ్ణి. జెల్ రాసుకుని, అవే చేతులతో అమ్మకి అన్నం తినిపించేవాణ్ణి. వారం తిరక్కుండా అమ్మకీ అదే వచ్చింది, ఇక తేరుకోలేదు. నా చేతుల వల్లేనా అని డాక్టరుని అడిగాను. "అది ఎవరూ చెప్పలేరండీ" అన్నాడు. మంచివాడు.

వంటింట్లో నీకు అన్నం మూతపెట్టాను. తినకుండా రాకు.

నాన్న

మరిచాను. "మరిదిగారూ, చెల్లిని తీసుకుపోయింది కూడా ఇదేనా?" అని పెద్దమ్మ నిన్న అడిగింది. కాదన్నాను. నిన్ను అడిగితే నువ్వూ కాదనే చెప్పు.