రెండువేల వాట్ల పులి

ఫిబ్రవరి 10, సోమవారం

చైతన్యకృష్ణ వచ్చాడు. ఇంటర్ దాకా నాతో చదివాడు, ఇప్పుడు గుంటూరులో కార్ యాక్సెసరీల డిస్ట్రిబ్యూటర్. చంకలో ఒక డబ్బా. డబ్బా మీద నోరు తెరిచిన పులి, పులి నోట్లోంచి మెరుపులు, కింద 2000 వాట్స్ అని బంగారు రంగు అక్షరాలు. లోపలి ఆంప్లిఫయర్ తీసి చూస్తే సబ్బుపెట్టె అంత ఉంది. బరువూ అంతే. అప్పుడే రోత పుట్టింది.

వాడికి కావాల్సింది నా మాట. ప్రత్తిపాడు సెంటర్లో ఇన్నేళ్ళుగా కార్ ఆడియో కొట్టు నడుపుతున్నాను కాబట్టి, ఈ చుట్టుపక్కల ఎవరు బండికి సౌండ్ పెట్టించుకోవాలన్నా రంజాన్ ఏమన్నాడు అని అడుగుతారు. ఒరేయ్, వారం ఉంచుకుని టెస్ట్ చెయ్యరా, బాగుందని ఒక్క ముక్క చెప్తే ఒంగోలు దాకా అమ్ముకుంటా అన్నాడు. టెస్ట్ చేస్తా, ముక్క సంగతి తర్వాత అన్నాను. భుజం తట్టి నవ్వాడు. వీడు భుజం తడితే చొక్కా ఉతుక్కోవాలనిపిస్తుంది.

ఫిబ్రవరి 11

మూత విప్పాను. థూ.

లోపల సగం ఖాళీ. ఉన్నదల్లా ఒక చిప్. దాని వేడిని లాగాల్సిన అల్యూమినియం పళ్ళు బయటికి మహా దర్జాగా కనిపిస్తాయి గానీ, చిప్‌కీ వాటికీ మధ్య వేలు దూరేంత సందు. అంటే అవి ఉత్త అలంకారం. వేడంతా ఆ రేకుపెట్టెలోనే ఉడకాలి. పోనీ ఫ్యూజు చూద్దామంటే పది ఆంపులది. పన్నెండు వోల్టుల బ్యాటరీ మీద పది ఆంపులంటే నూట ఇరవై వాట్లు. మిగతా వాట్లు ఎక్కణ్ణుంచి వస్తాయి, చైతన్యగాడి అత్తగారింటి నుంచా?

అయినా న్యాయంగా బెంచి మీద స్పీకర్లు తగిలించి పెట్టాను. వాల్యూం సగం దాకా మర్యాదగానే పాడింది. సగం దాటిందో లేదో ఆడగొంతుకి జలుబు చేసింది, డోలు రేకుల షెడ్డు మీద రాళ్ళు పడ్డట్టు మోగింది. గంటకల్లా పెట్టె మీద చెయ్యి పెట్టలేకపోయాను. పెయింటు కాలిన కంపు. రెండుసార్లు చేతులు కడుక్కున్నా ఆ కంపు పోలేదు. అన్నం సయించలేదు.

ఫిబ్రవరి 12

చైతన్యకి ఫోన్ చేసి ఇది చెత్తరా అని చెప్పాను. ఆ రేటుకి చెత్తే వస్తదిరా అన్నాడు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

జుమ్మా నమాజుకి వెళ్ళొచ్చేసరికి బెంచి మీద పులి లేదు. నజీర్ బావ ఎత్తుకెళ్ళాడు.

బావంటే మా అక్క రహిమున్నీసా మొగుడు. వ్యాన్ తోల్తాడు. మిరప సీజన్లో ఆడకూలీల ముఠాని పొద్దున్నే చేలకి తీసుకెళ్ళి సాయంత్రం తెచ్చి దింపుతాడు. ఈ కొద్ది నెలల కిరాయి మీదే వాళ్ళ ఇల్లు ఏడాదంతా నడవాలి. ముఠా ఏ బండెక్కాలో రైతు చెప్పడు, మేస్త్రమ్మ సుబ్బరావమ్మ చెప్తుంది. ఆవిడ టైర్లు చూడదు, బ్రేకులు చూడదు. పాటలు వింటుంది. ఏ బండిలో పాట గట్టిగా మోగితే ముఠా ఆ బండికి. మా వైపు అన్ని ముఠాలకీ ఇదే లెక్క. ఈ ఏడు మిర్చి ధర పడిపోయి రైతులు కూలీల్ని తగ్గించేశారు, ఉన్న ముఠాల కోసం బండ్లవాళ్ళు కొట్టుకు చస్తున్నారు. శివరామకృష్ణ అని ఇంకో వ్యాను ఆయన జనవరిలో కొత్త సౌండ్ పెట్టించాడట. అది విన్నాక సుబ్బరావమ్మ బావని మొహం మీదే అడిగిందట, నజీరూ, నీ బండిలో పాడేది పాటా, దోమా అని.

బావకి ఫోన్ చేసి అది పనికిరాదు, తెచ్చెయ్ అన్నాను. ఫోన్ అక్క లాక్కుంది. ముఠా పోతే మేం ఏం తినాల్రా, నీ స్క్రూడ్రైవర్లు తినాలా అని అరిచింది. మంచిదొకటి అప్పుగా పెడతానంటే, ఇప్పటికే నీకు చాలా బాకీ అని బావ ఒప్పుకోడు. సరే, నేనే వచ్చి బిగిస్తా అన్నాను. ఛీ, నా బతుకు.

ఫిబ్రవరి 15

బిగించాను. వెనక గోడకి పెడదామంటే అక్కడ ఆడవాళ్ళ క్యారియర్లు తగిలిస్తారట. సీటు కింద పెట్టాను. వాల్యూం సగం దాటించొద్దు బావా అని చెప్పాను. అట్టాగే రంజానూ అన్నాడు. తల ఊపిన తీరు చూస్తేనే తెలిసింది, మూడొంతులు దాటిస్తాడని.

ఫిబ్రవరి 18

పొద్దున బండెక్కి నేనూ చేలదాకా వెళ్ళాను, ఎలా మోగుతుందో విందామని. ముందు ఒక భక్తిపాట, అది సుబ్బరావమ్మ రూలు. తర్వాత డాన్సు పాటలు. బావ వాల్యూం పూర్తిగా తిప్పేశాడు. పాటలో మాట ఒక్కటి తెలియడం లేదు, ఒట్టి గరగర. స్పీకరు అట్టలు వణికి చస్తున్నాయి. నాకు పళ్ళు పులిశాయి.

వాళ్ళకి నచ్చింది! చప్పట్లు కొడుతున్నారు. సుబ్బరావమ్మ వెనక్కి తిరిగి, అబ్బాయ్, నీ చేతిలో మహిమ ఉంది, గుండెల్లో కొడతంది అంది. గుండెల్లో కాదమ్మా, అది చిప్ చస్తూ పెట్టే కేక అని చెబుదామనుకున్నాను. బావ అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు. ఊరుకున్నాను. ఎన్నేళ్ళు నేర్చుకున్నాను నేను ఈ పని, వీళ్ళకి రేకుడబ్బా చాలు.

ఫిబ్రవరి 25

మూడు ఫ్యూజులు పట్టుకెళ్ళాడు బావ. మాటిమాటికీ పోతున్నాయట. పోతే నీ ప్రాణం కాపాడినట్టు, సౌండ్ తగ్గించు అన్నాను. తగ్గిస్తే సుబ్బరావమ్మ ఊరుకోదు అన్నాడు.

మార్చి 2, ఆదివారం

ఉపవాసాల్లో మొదటి రోజా. బావ బండి కొట్టు ముందు నుంచి గరగరమంటూ పోయింది. నోరెండిపోయి ఉంది, లేకపోతే ఉమ్మేవాణ్ణి.

మార్చి 4

జరిగింది జరిగినట్టు రాయాలి.

నా భార్య పోయినప్పటి నుంచీ ఏటా ఈ నెలంతా ఇఫ్తార్ నాకు అక్క ఇంట్లోనే. ఖర్జూరం చేతిలో పట్టుకుని కూర్చున్నాం. బావ ఇంకా రాలేదు. ఫోనొచ్చింది.

ముఠాకి ఇప్పుడు కోతలు అయిపోయాయి, కల్లంలో ఎండుకాయల్లోంచి తాలుకాయలు ఏరే పని. పొద్దంతా ఎండుమిరపకాయల్లో కూర్చుంటే చీరకుచ్చిళ్ళ నిండా పొడే. ఇంటికి తలా గుప్పెడు కాయలు ఒడిలో తెచ్చుకుంటారు, రైతూ ఏమనడు. ఆ కాయలూ గింజలూ సీటు సందుల్లోంచి జారి కింద పడుతుంటాయి. కింద పులి ఉంది. పెనం మీద వేసినట్టు వేగాయి. దుమ్ముకని పక్క పరదాలు దించేసి ఉన్నాయి. మంట రాలేదు, మిరపకాయల ఘాటే చాలింది. బండి నిండా ఆడవాళ్ళు ఊపిరాడక గోలపెట్టారు. బావకి కళ్ళు కనపడక బండి కల్వర్టు గోడకి రాసుకుని పత్తిచేలో దిగింది. అందరూ దూకారు. సుబ్బరావమ్మ లోపలి మూల కూర్చుంది, పైగా ఆవిడకి ఆయాసం. మోసుకొచ్చారట. అందరూ దగ్గుతుంటే పాట మాత్రం ఆగలేదట. బావ బ్యాటరీ వైరు పీకితే ఆగింది.

ఈ బండ్ల సీట్ల కింద చెయ్యి పెట్టి, ఆ చేత్తోనే కళ్ళు నలుపుకుని ఎన్నిసార్లు ఏడ్చానో. అక్కడ ఏం పడుతుందో నాకు తెలియదా? తెలిసి అక్కడే బిగించాను.

మార్చి 5

పులిని విప్పి తీశాను. పెట్టె మీద మాడిన కాయలు తారులా అతుక్కుని ఉన్నాయి. ఫ్యూజు ఉండాల్సిన చోట రాగితీగ చుట్టి ఉంది. బావని అడిగితే, పోతూనే ఉంటే ఏం చెయ్యమంటావు అన్నాడు. గొంతు రాసుకుపోయి మాట సరిగా రావడం లేదు అతనికి. 

గుంటూరు ఆస్పత్రికి వెళ్ళాను. సుబ్బరావమ్మ ఆక్సిజన్ మాస్కు జరిపి మరీ మాట్లాడింది. నీ తప్పేం లేదు అబ్బాయ్, బాగానే మోగిందిగా అంది. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఇక నజీరు బండంటే మా ఆడపిల్లలు భయపడతన్నారు, రేపట్నుంచి ముఠాని శివరామకృష్ణ బండెక్కమన్నా అని కూడా చెప్పింది.

అక్క వంట చెయ్యలేదు.

మార్చి 7, శుక్రవారం

శివరామకృష్ణ నా కొట్టుకొచ్చాడు, స్పీకర్ వైరు కోసం. బావ కూడా ఇక్కడే కూర్చుని ఉన్నాడు. మాటల్లో అడిగాను, ఏం సౌండ్ పెట్టించారండీ అని. అదే పులి! రెండు. రెండూ సీటు కిందే. చైతన్యకృష్ణ అమ్మాడట. రంజాన్ గారు టెస్ట్ చేసి చాలా బాగుందన్నారు, అందుకే తీసుకున్నానండీ అన్నాడు.

జనవరిలో! నేను ఆ డబ్బా మొహం కూడా చూడకముందే!

నోరు తెరిచాను. బావ బల్ల కింద నా మోకాలు గట్టిగా పట్టుకున్నాడు. శివరామకృష్ణ వైరు తీసుకుని వెళ్ళిపోయాడు. అప్పుడు బావ గుసగుసగా చెప్పాడు, నోరు మూసుకో, వాడి బండి కూడా ఓ రోజు అట్టాగే పొగొస్తది, ముఠా మళ్ళీ నా దగ్గరికే వస్తది అని.

నేను నోరు మూసుకున్నాను.

మార్చి 8

చైతన్యకి ఫోన్ చేశాను. కొత్తపట్నం బీచిలో ఉన్నాడట ఫ్యామిలీతో. వెనక అలల చప్పుడు, వాడి పిల్లల కేకలు. నా పేరెందుకు వాడావురా అంటే, బాగా పరపతి ఉన్న పేరు కదరా, పొంగిపో అన్నాడు. తిట్టాను. రోజాలో ఉండి తిట్టకూడని మాటలన్నీ తిట్టాను. చేప ముళ్ళు జాగ్రత్త నాన్నా అని పిల్లలతో అంటున్నాడు మధ్యలో.

అక్క వచ్చింది కొట్టుకి. ఎప్పుడూ రాదు. అందరి బండ్లూ కాలతాయా ఏంటిరా, ఈ నెల గడిచేదాకా ఊరుకో, నీకు దణ్ణం పెడతా అంది. అక్క నాకు దణ్ణం పెట్టడం నేను చూడలేను. బావ మీద అసహ్యం వేసింది, అక్క మీద వేసింది, ఆ పాటలు వినే ఆడవాళ్ళ మీదా వేసింది. అందరికంటే ఎక్కువ నా మీద. మంచి పేరు, పరపతి ఉన్న పేరు! ఆ పేరు నమ్మి ఒకడు బండెడు మనుషుల కింద కుంపట్లు పెట్టుకుని తిరుగుతున్నాడు, నేను లెక్కలేసుకుంటూ కూర్చున్నాను.

సుబ్బరావమ్మని డిశ్చార్జి చేశారు. రేపు పనిలోకి వెళ్తుందట. ఏ బండిలోనో ఎవరూ చెప్పక్కర్లేదు.

మార్చి 9, ఆదివారం, పొద్దున

తెల్లారకముందే సహరీ భోజనం చేసి స్కూటర్ తీశాను. కొట్లో నేను పాటలు వినే ఆంప్లిఫయర్ విప్పి సంచిలో వేసుకున్నాను. శివరామకృష్ణ బండి ముఠాని ఎక్కించుకుంటోంది. అడ్డంగా నిలబడి అందర్నీ దిగమన్నాను. సంగతి మొత్తం చెప్పాను, నా పేరుతో సహా. శివరామకృష్ణ ముందు నమ్మలేదు. సీటు లేపి చూపించాను. రెండు పులుల మీదా వేలు మందాన మిరపగింజలు. ఒకదాని కింద పెయింటు అప్పటికే నల్లబడింది. 

రెండూ పీకి రోడ్డు మీద పడేశాను. ఆడవాళ్ళు చుట్టూ నిలబడ్డారు. మరి పాటల్లేకుండా ఎట్టా పోవాలబ్బాయ్ అంది సుబ్బరావమ్మ, చేతిలో ఇన్‌హేలర్ పట్టుకుని! ఆవిడని ఏం చెయ్యాలి?

అప్పటికి బావ ఖాళీ బండి వచ్చి వెనక ఆగింది. అక్క ఫోన్ చేసి ఉంటుంది నేను బయల్దేరానని. నా చేతిలో ఆంప్లిఫయర్ చూశాడు. నా బండికి బిగించు రంజానూ, ఇప్పుడే, ముఠా ఇక్కడే ఉంది అన్నాడు. మెల్లగా అన్నాడు. బతిమాలాడు.

శివరామకృష్ణ నా మాట మీద కొన్నాడు. నేను అనని మాటే, అయినా నాదే. ఆయన బండికే బిగించాను, సీటు కింద కాదు, డ్రైవర్ తల వెనక, పైన. వాల్యూం పెంచి చూపించాను. మాట మాటా తేటగా వినపడింది. ఇందాకటంత గట్టిగా లేదే అంది సుబ్బరావమ్మ. అయినా ఎక్కారు.

బావ ఖాళీ బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

అదే రోజు, సాయంత్రం

అక్క ఫోన్ చేసింది. ఇఫ్తార్‌కి రావద్దంది. ఇవాళ్టికేనా అని అడిగాను.  ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు. అట్నుంచి బావ దగ్గు వినపడుతోంది. మసీదులో అజాన్ అయ్యేదాకా ఇద్దరం అలాగే ఉన్నాం.

తినరా, అని పెట్టేసింది.