గాలిమరలో కాపురమున్న తల్లి

హాలెండ్ దేశం,
19 మే 1986

అవ్వకు కొడుకు దశరథం దండాలు. నేనిక్కడ కులాసా. నస్పూర్‌లో మీరంతా బాగున్నారని చెల్లె నర్మద రాసిన ఉత్తరం చూశాక మనసు నిమ్మళమైంది. అన్నం దొరుకుతుందా అని అడిగించావు. దొరుకుతుంది, కారమే లేదు. నువ్వు కట్టిచ్చిన మామిడి తొక్కు అడుగుకొచ్చింది.

పంపుల శిక్షణ ఇంకో ఇరవై రోజులు. నిన్న ఆదివారం మా ఇంజనీరు ఉపేందర్‌రావు సారు నన్ను కిండర్‌డైక్ అనే చోటికి తీసుకుపోయాడు. కాలువల వెంట పంతొమ్మిది గాలిమరలు, దాదాపు రెండువందల యాభై ఏళ్లనాటివి. మేడంత ఎత్తు, రెల్లు కప్పు, నాలుగు రెక్కలు. రెక్కలకు చీరలు ఆరేసినట్టు గుడ్డలు కడతారు. గాలి పట్టగానే లోపలి చక్రాలు ఒకదాన్నొకటి తిప్పుతాయి. అడుగున పెద్ద చక్రం పల్లపు పొలాల నీళ్లను ఎత్తి పై కాలువలో పోస్తుంది. కరెంటు లేదు, ఆయిలు లేదు. తడిమి చూశాను, ఆ చక్రాల పళ్లన్నీ కొయ్యవే. ఇన్నేళ్లు పంపులు బాగుచేసిన నేను ఆ వడ్రంగులకు మనసులోనే మొక్కాను.

"మనం నిలబడ్డ జాగ సముద్రం కంటె కిందున్నది దశరథం. గీళ్లు నీళ్లు తోడకపోతే గీ ఊరే ఉండకపోవు," అన్నాడు సారు.

ఒక గాలిమర లోపలే ఒక కుటుంబం కాపురముంటుంది. ఎనభై ఏళ్ల తల్లి కిటికీ పక్కన ఆలుగడ్డల చెక్కు తీస్తూ మాతో మాట్లాడుతోంది. ఉన్నట్టుండి రెక్కల చప్పుడు ఆగింది. ఆమె చేతులూ ఆగాయి.

సారు అడిగి నాకు చెప్పాడు: "కొడుకు రెక్క మీదికెక్కి గుడ్డ సదురుతుండట. ఈమె పెనిమిటి గట్లనే ఎక్కి, పడి సచ్చిపోయిండట."

"భయం కాదా అని అడుగు సార్."

"అడిగిన. భయమైతదట. గని వాడు యాడున్నడో నాకెరుకే గద అంటున్నది."

రెక్కలు మళ్లీ తిరిగాకే ఆమె కత్తి అందుకుంది.

అవ్వా, నన్ను బొగ్గుబాయి పైన పంపుల షెడ్డులోనే ఉంచుతారు కదా, కిందికి దింపరు కదా అని కూడా అడిగించావు. నర్మదా, ఇది చదువుతూ ఆగకు. నేను షెడ్డులో లేనవ్వా. నాలుగేళ్లుగా బొగ్గుబాయి లోపలి పంపు దగ్గరే నా పని. బాపు నీళ్లలో మునిగి చనిపోయిన బాయిలోనే. దిగనని నీ చెయ్యి పట్టుకుని చెప్పిన మూడో నెలకే దిగాను. ఎవరూ బలవంతపెట్టలేదు, నేనే అడిగి తీసుకున్నాను. బాపు పోయిన నాడు కింది పంపు ఆగింది. అది నా చేతిలో ఉంటే ఆగనివ్వను అనుకున్నాను.

నువ్వు భయపడకుండా నిద్రపోతున్నావని ఇన్నాళ్లూ సంబరపడ్డాను. నేనెక్కడున్నానో కూడా నీకు తెలియనివ్వలేదని నిన్ననే అర్థమైంది.

వచ్చాక తిట్టు, మాట్లాడకుండా ఉండు, పడతాను. మానెయ్యమనే మాట మాత్రం జర ఆలోచించి చెప్పు. దిగితే ఇకనుంచి ఏ షిఫ్టో, ఎన్నింటికి పైకొస్తానో నీకు చెప్పే దిగుతాను.

ఇట్లు,
నీ పెద్దకొడుకు
దశరథం