అమ్మ వేలిముద్ర

మంగళవారం, ఎల్లారెడ్డి

అమ్మ పేరున బీడీల పీఎఫ్ ఉందనీ, ఇన్నేళ్లూ ఎవరూ అడగక సర్కారు దగ్గరే పడి ఉందనీ తెలిసి, ఈ రోజు ఆమెను కామారెడ్డి తీసుకెళ్లాను. ఆఫీసులో వేలిముద్ర మెషీన్ మీద వేలు పెట్టమంటే అమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. భయపడుతోందనుకుని నేనే పట్టి నొక్కాను.

"అయిపోయిందమ్మా, పైసలు ఖాతాల పడతయి" అన్నాడు క్లర్కు.

తిరుగు బస్సులో తాడ్వాయి దాటాక అమ్మ నోరు విప్పింది. "ఆ బీడీలు నేను చెయ్యలే బిడ్డా. పోశవ్వకు కంపెనోళ్లు కార్డు ఇయ్యకపోతే నా పేరు మీద చేసింది. పీఎఫ్ పైసలు పట్టుకున్నది ఆమె కూలిలకెల్లే."

పక్కింటి పోశవ్వ! ఆ డబ్బుతో రేకులు తీసి స్లాబు వేయిద్దామని పొద్దున్నే మేస్త్రీకి మాట కూడా ఇచ్చాను. అమ్మ ముందే ఎందుకు చెప్పలేదు? అసలు చెప్పనిచ్చానా నేను...

ఇంటికి వచ్చేసరికి పోశవ్వ అరుగు మీద బీడీలు చుడుతోంది. "ఏడికి పోయిండ్రు బిడ్డా?"

"దవాఖానకు" అన్నాను.

చాట పక్కన పెట్టి గబగబా వచ్చింది. పొగాకు అంటిన చేత్తో అమ్మ నుదురు తాకి చూసింది.

"జరమైతే లేదు గద, వదినా!"