నీ అలుపును ఎవరూ కొలవలేదు

అవ్వా,

నువ్వు పోయి నేటికి ఏడాది. సెలవు పెట్టకుండా, మొయినాబాద్‌లో నేను నర్సుగా చేసే దవాఖానకే వెళ్లాను. నీలాగే కీళ్లవాతంతో బాధపడుతున్న యెమెన్ దేశస్థురాలు ఒకామె వచ్చింది. ఆమెకు అరబ్బీ తప్ప ఏమీ రాదు. ఆమె మాటలు తెలుగులో చెప్పడానికి సలీమా అక్క పక్కనే ఉంది.

"వాపు తగ్గింది, ఇక బాగున్నట్టే" అన్నాడు డాక్టరు.

ఆమె మెల్లగా ఏదో చెప్పింది.

"నిద్ర వస్తున్నదట సార్" అంది సలీమా అక్క.

నాకు ఎంకపల్లిలో మన చేను గుర్తొచ్చింది. వేళ్ల వాపు దిగాక కూడా నువ్వు గట్టు మీద కూలబడితే ఊళ్లోవాళ్లు నిన్ను పనిదొంగ అన్నారు.

"నిద్ర కాదక్కా, అలుపేమో. సున్న నుంచి పది దాకా ఎంత ఉన్నదో అడుగు" అన్నాను.

అడిగితే, ఆమె వంకర తిరిగిన వేళ్లు పదీ చాపింది.

"అంత ఎందుకుంటది?" అన్నాడు డాక్టరు.

"వాపు మీకు కనబడ్తది సార్. అలుపు ఆమెకే తెలుస్తది. ఆమె చెప్పిందే రాయాలె."

ఆయన మొహం చిట్లించాడు. నేను అక్కణ్ణుంచి కదల్లేదు. చివరికి రాశాడు.

ఆమె నా వైపు తిరిగి ఏదో అడిగింది.

"ఇది నీకెట్ల తెలుసంటున్నది" అంది సలీమా అక్క.

"మా అవ్వను ఎవ్వరూ అడగలే. ఇగ నేను అందరినీ అడుగుత అని చెప్పు" అన్నాను.