పాప చెప్పిన బొమ్మలు

గురువారం, రాత్రి

నారాయణగూడలో పాపకి కొత్త బొమ్మల పుస్తకం కొన్నాను. అమ్మ దాన్ని తెరవను కూడా లేదు. "పాతదే మంచిగుందే. కొత్తదెందుకు తెచ్చినవ్?" అంది. నాకు కోపం వచ్చింది. రోజూ పాపకి అదే ఏనుగు కథ, పేజీ వైపు చూడకుండా అప్పజెప్పేస్తుంది.

పడుకునే వేళ పాలగ్లాసు తీసుకుని వెళ్లి, గుమ్మంలోనే ఆగిపోయాను. కొత్త పుస్తకం అమ్మ ఒళ్లో ఉంది. పాప అమ్మ వేలు పట్టుకుని బొమ్మ మీద పెడుతోంది.

"ఇక్కడ పిల్లి ఉంది అమ్మమ్మా. నల్లగుంది. గోడ మీద కూర్చుంది."

"అట్లనా? అయితే విను. అనగనగా ఒక నల్లపిల్లి..."

పేజీ తిప్పాక అమ్మ గొంతు తగ్గించింది. "మమ్మీకి చెప్పలేదు కదనే?"

"చెప్పలే."

అమ్మకి కళ్లు కనిపించడం లేదు. చిక్కడపల్లి మార్కెట్‌కి వెళ్లడం మానేస్తే మోకాళ్ల నొప్పులనుకున్నాను. తనూ అదే చెప్పింది. నాలుగేళ్ల పిల్లకి తెలిసింది, నాకు మాత్రం...

రేపు డాక్టర్ దగ్గరికి వెళ్దామని ఎలా మొదలుపెట్టాలి? పాప చెప్పేసిందనుకుంటుంది.

లోపలికి వెళ్లలేకపోయాను. చీకటి హాల్లో గోడకి ఆనుకుని, కథంతా నేనూ బొమ్మలు లేకుండానే విన్నాను.